ఇంటికి వచ్చు తీగను తెంపవలదు

కేంద్ర సమాచార ప్రసార శాఖ, ఎలక్ట్రానిక్స్ సమాచార సాంకేతిక శాఖల మంత్రివర్యులకు బహిరంగ లేఖ

మంత్రివర్యా,

2019 ఏప్రిల్ 10వ తేదీన ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము, దొంగప్రతుల వెబ్‌సైట్లపై యూటీవీ సంస్థ తెచ్చిన వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, పేరు మార్చుకొని మరల మరల తలయెత్తు సైట్లను మూసివేయు పద్ధతిని విశదపరచిన పిమ్మట, చూచువారి ప్రసక్తిని కూడ తెచ్చినది. దొంగప్రతిని చూచువారికిని దించుకొనువారికిని ముందుగా తెరమీదనో ఈమెయిలు ద్వారానో హెచ్చరిక పంపి, పెడచెవిని పెట్టినవారికి జరిమానా విధించుటకు వీలగు విధానమొకటి రూపొందింపవచ్చునేమో పరిశీలింపుడని తమ సమాచార సాంకేతిక శాఖకును టెలికం శాఖకును సూచించినది. ఆ సూచనలో ఇంటర్నెట్టు కనెక్షను తీసివేయుమన్న మాట లేదు. అయినను హెచ్చరికతో మొదలైన మెట్లు ఇతర దేశములలో ఎచ్చటికి చేరినవో తెలిసినవాడనగుట చేతను, సినిమా దొంగప్రతుల ప్రస్తావన వచ్చినప్పుడెల్ల 'చూచినవాని నెట్టు కట్ చేస్తే సరి' అను మాట మా ప్రాంతమున కూడ వినవచ్చుచున్నందునను, ఆ చిట్టచివరి మెట్టును శాసనము పుట్టక మునుపే కొట్టివేయుడని వేడుకొనుటకు ఏలూరునుండి ఈ లేఖ వ్రాయుచున్నాను.

దొంగప్రతిని సమర్థించుటకు నేను కలము పట్టలేదు. ఏలూరు చెంతనే దెందులూరు మండలమున సోమవరప్పాడు అను గ్రామమున్నది. 1908 జనవరి 17న అచ్చట రైతుకుటుంబమున పుట్టిన అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు, సినిమాపై వ్యామోహముతో ఇల్లు విడిచి బొంబాయి చేరి, డ్రీమ్‌లాండ్ హాలు గుమ్మమువద్ద టికెట్లు తీసికొను కొలువున కూడ నిలిచి, 1931లో 'ఆలం ఆరా'లోను 'కాళిదాస్'లోను, 1932 ఫిబ్రవరిలో విడుదలయిన 'భక్త ప్రహ్లాద'లోను, అనగా హిందీ తమిళ తెలుగు భాషల తొలి టాకీలు మూడింటను నటించి, ఎల్.వి. ప్రసాదుగా దేశప్రఖ్యాతి గడించెను. 'మనదేశం', 'షావుకారు', 'మిస్సమ్మ' తీసిన చేయి మా నేలలో పుట్టిన చేయి. అట్టి సీమవారికి చలనచిత్రమనిన తారల పారితోషికము మాత్రమే కాదు. లైట్లు మోసినవాని కూలి, సెట్టు వేసిన వడ్రంగి కూలి, ఊరి హాలులో క్యాంటీను పాట పాడుకొన్నవాని ఆశ, సైకిలు స్టాండు గుత్తకు తీసికొన్నవాని అప్పు కూడ అందులో ఇమిడియున్నవి. విడుదలయిన నాటి సాయంకాలమునకే ఆ శ్రమ అంతయు ఎవడో ఒకడు కెమెరాతో దొంగిలించి ఊరూర పంచిపెట్టుట నేరమే, పాపము కూడ. దొంగప్రతుల వలన పరిశ్రమకు ఏటేట 20,000 కోట్ల రూపాయల వరకు నష్టము కలుగుచున్నదని 2023లో తమ శాఖయే ప్రకటించినది. ఆ సంవత్సరమే పార్లమెంటు సినిమాటోగ్రాఫ్ చట్టమును సవరించి, హాలులో చిత్రమును రికార్డు చేయువానికిని దానిని ప్రసారము చేయువానికిని మూడు నెలలకు తగ్గని, మూడేండ్లకు మించని కారాగారమును, మూడు లక్షలకు తగ్గకుండ, చిత్రనిర్మాణ వ్యయములో అయిదు శాతము వరకు జరిమానాను నిర్ణయించినది. ఆ సవరణ న్యాయమైనదని నా విశ్వాసము. అందులో పార్లమెంటు దొంగను పేర్కొన్నదే గాని, దొంగసొత్తు చేరిన ఇంటి దీపమార్పుమని చెప్పలేదను విషయమును మాత్రము తమరు గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను.

ఏలయనగా ఆ తీగ ఏమి మోసికొని వచ్చుచున్నదో ఢిల్లీలో కూర్చున్నవారికి కనబడకపోవచ్చును. కొల్లేటికి ఉత్తరమున ఏలూరు, దక్షిణమున కైకలూరు, ఆగ్నేయమున ఆకివీడు. నడుమ గుడివాకలంక, ప్రత్తికోళ్లలంక, కోమటిలంక, శృంగవరప్పాడు, పెద్దింట్లమ్మ వెలసిన కొల్లేటికోట మొదలగు లంకలును, వాని చుట్టును కనుచూపు మేర చేపల చెరువులును, రొయ్యల చెరువులును. ఆ చెరువు గట్టుపై పాకలో కాపలా పడుకొన్నవాడు వేకువజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేప తలలు తేల్చుచుండగా రైతును లేపునది ఫోనుతోనే. రొయ్యపై తెల్లమచ్చ కనబడిన క్షణమున దాని ఫొటో తీసి ల్యాబులోని టెక్నీషియనుకు పంపునది నెట్టుతోనే. 100 కౌంటు ఎంత, 30 కౌంటు ఎంత అని నేటి ధర తెలిసికొని, పట్టుబడి నేడా, రేపా అని నిశ్చయించుకొనునది కూడ దానితోనే. 2025 ఆగస్టు చివర అమెరికా మన సరకుపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు, ఆ వార్త పత్రికలో మరునాడు చదువువరకు ఆగిన రైతునకును, ఆ రాత్రియే ఫోనులో తెలిసికొన్న రైతునకును నష్టములో ఎంత భేదముండునో ఆక్వా వ్యాపారము తెలిసినవారు ఎవరైనను చెప్పగలరు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంపు విజయవాడను ముంచి కొల్లేటిలోనికి దిగినప్పుడు, పెదయడ్లగాడి వంతెన దాపున రోడ్డుపై నీరు పారి ఏలూరు కైకలూరుల నడుమ రాకపోకలు నిలిచిపోయినవి; లంకలలోని వారికి పడవ తరువాత దిక్కు చేతిలోని ఫోనే.

ఇటు తాడేపల్లిగూడెమునకు వచ్చి చూడుడు. 2015లో నెలకొన్న జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఒక ప్రక్క, వెంకట్రామన్నగూడెమున ఉద్యాన విశ్వవిద్యాలయము మరియొక ప్రక్క. ఊరి నడుమ కర్నూలు ఉల్లి, మహారాష్ట్ర ఉల్లి దిగు మార్కెట్టు. విద్యార్థికి పాఠము, పరీక్షాఫలితము, ఉద్యోగపు దరఖాస్తు నెట్టులోనే. ఉల్లివర్తకునకు ధర, లారీ కబురు, డబ్బు చెల్లింపు నెట్టులోనే. గోదావరి జిల్లాలనుండి కువైటుకును మస్కటుకును ఇంటిపనికి పోయిన తల్లి ఇచ్చట అమ్మమ్మ వద్ద పెరుగుచున్న బిడ్డ ముఖమును చూచునది కూడ ఆ తీగ చివరనే. రాష్ట్రప్రభుత్వము 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామనాథ కోవిందు చేతులమీదుగా ప్రారంభింపజేసిన ఫైబర్‌నెట్టు, ఆనాడు నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్టును, టీవీ ఛానెళ్లను, ఫోనును ఒక్క పెట్టెలో ఇంటింటికి చేర్చుదుమని వాగ్దానము చేసినది. ఆ పెట్టెను ఆపినచో మూడును ఒక్కసారిగా ఆగిపోవును. ఈ చిక్కును ముందే గ్రహించిన ఫ్రెంచివారు, దొంగప్రతులు దించుకొనువారి కనెక్షను ఆపుటకై చేసికొన్న తమ శాసనములో నెట్టు ఆపినను ఫోనును టీవీని ఆపరాదని వ్రాసికొనిరి.

మా డెల్టాలో నీటి దొంగతనములు కొత్త కావు. ఎగువ రైతు రాత్రివేళ బోదెకు గండి పెట్టి తన చేనికి నీరు మళ్లించుకొనుట తరతరాలుగా నున్నదే. లస్కరు పట్టుకొనును, పంచాయతి పెట్టుదురు, జరిమానా వేయుదురు. అంతేగాని ఆ దొంగతనమునకు శిక్షగా తూము మూసి ఆ బోదె క్రింది చేలన్నియు ఎండబెట్టిన ఇంజనీరు ఏలూరు కాలువ త్రవ్విన నాటినుండి ఒక్కడును లేడు.

ఇంటి కనెక్షను కూడ ఆ బోదె వంటిదే; ఒక్కని పేర ఉండును, వాడువారు పదిమంది. తండ్రి పేర వైఫై, కొడుకు చేతిలో ఫోను, ప్రక్కింటి పిల్లవానికి పాస్‌వర్డు. చెరువు గట్టున రైతు ఫోనులోని హాట్‌స్పాట్‌పై కాపలాదారు సినిమా చూచును. మండలకేంద్రములోని నెట్ సెంటరులో ఒక కుర్రవాడు ఒక మధ్యాహ్నము చేసిన పనికి, ఆ సెంటరు ద్వారా సర్టిఫికెట్లకును దరఖాస్తులకును వచ్చు ఊళ్లన్నియు శిక్ష ననుభవింపవలసి వచ్చును. ఇక కంప్యూటరుకు దొరకునది మనిషి పేరు కాదు, ఒక ఐపీ చిరునామా. మన దేశమున మొబైలు కంపెనీలు అట్టి చిరునామాలు చాలక ఒక్క చిరునామా వెనుక అనేకమంది చందాదారులను నిలుపుచున్నవి. ఏ క్షణమున ఏ చందాదారు ఏ ద్వారముగుండా వెడలెనో వేరు చేయవలెనన్న, కాలమును సెకనుతో సహా తప్పులేకుండ వ్రాసియుంచిన లెక్క కావలెను.

ఆ లెక్క తప్పినచో ఏమగునో ఐర్లండు చూచినది. అచ్చటి పెద్ద టెలిఫోను సంస్థ ఎయిర్‌కామ్, సంగీత కంపెనీలతో చేసికొన్న ఒప్పందము ప్రకారము 2010లో దొంగప్రతులు దించుకొను చందాదారులకు హెచ్చరికలు పంపి, చివరకు కనెక్షను తీసివేయు పద్ధతిని మొదలుపెట్టినది. ఆ శరత్కాలమున గడియారములను ఒక గంట వెనుకకు త్రిప్పవలసిన దినమున సంస్థవారి యంత్రములలో ఆ మార్పు జరుగక, ఏ పాపమును ఎరుగని సుమారు 300 మందికి 'మీరు దొంగలు' అని తాఖీదులు పోయినవి. ఒక్క గంట తేడా! మంత్రివర్యా, మన దేశమున కోట్ల చందాదారుల లెక్కలో అట్టి గంట ఒకటి తప్పిన యెడల, కోమటిలంకలోని ముసలమ్మ పేర నున్న సిమ్ముకు తాఖీదు వచ్చినచో, ఇంగ్లీషులో వచ్చిన ఆ తాఖీదును చదివి పెట్టువారెవరు, గడువులోపల జవాబు వ్రాసి పెట్టువారెవరు?

ఈ శిక్షకు పుట్టినిల్లనదగిన ఫ్రాన్సు వృత్తాంతమును కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. మూడు తప్పులకు తీగ తెంపు శాసనమును ఆ దేశపు పార్లమెంటు 2009లో చేసి, 'అడోపి' అను అధికార సంస్థను నెలకొల్పి, న్యాయమూర్తితో పనిలేకుండ ఆ సంస్థయే కనెక్షను ఆపునట్లు అధికారమిచ్చెను. 2009 జూన్ 10న ఆ దేశపు రాజ్యాంగ పరిషత్తు ఆ అధికారమును కొట్టివేసినది. 1789 నాటి మానవహక్కుల ప్రకటనలోని భావప్రకటన స్వాతంత్ర్యమున నేటి కాలమునకు ఇంటర్నెట్టును చేరియున్నదనియు, అట్టి స్వాతంత్ర్యమును కత్తిరించు శక్తి పాలనాసంస్థ చేతికి ఇయ్యరాదనియు, నేరము రుజువగువరకు నిర్దోషిగా భావింపవలసిన మానవుని తన నిర్దోషిత్వమును తానే రుజువు చేసికొమ్మనుట తగదనియు ఆ పరిషత్తు అభిప్రాయము. పిమ్మట అదే ఏడు అక్టోబరులో న్యాయమూర్తి చేతులమీదుగా తెంపునట్లు రెండవ శాసనము చేసిరి. లక్షలకొలది హెచ్చరికలు పోయినవి. 2012 సెప్టెంబరులో మొట్టమొదట శిక్ష పడినవాడు ఎవడనుకొనెదరు? తానేమియు దించుకొనని ఒక చేతిపనివాడు. విడిపోవుచున్న అతని భార్య పాటలు దించుకొన్నది తానేనని న్యాయస్థానమునకు వచ్చి చెప్పినను, కనెక్షను అతని పేర నున్నందున, దానిని కాపాడుకొనలేదను నేరమునకు 150 యూరోల జరిమానా అతనిపైననే పడినది. కనెక్షను ఆపు శిక్ష మాత్రము ఆ దేశమంతటికిని 2013 జూన్‌లో ఒకే ఒక్కనికి, అదియు 15 దినములకు విధింపబడి, అమలు జరుగకయే పోయినది. మరుసటి నెలలోనే ప్రభుత్వము ఉత్తరువు వెలువరించి ఆ శిక్షను ఎత్తివేసినది. అంత ఆర్భాటముతో కట్టిన కోటకు ఫలమది.

న్యూజిలాండు 2011లో చేసిన శాసనమున ఆరు నెలల వరకు ఖాతా నిలుపు నిబంధనను వ్రాసియు, దానిని అమలులోనికే తేలేదు. బ్రిటను 2010లో అట్టి అధికారమునే చట్టములో వ్రాసికొని ప్రయోగింపక విడిచినది. 2011లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల మండలికి సమర్పించిన నివేదికలో భావప్రకటన స్వాతంత్ర్య విషయమై ప్రత్యేక ప్రతినిధియైన ఫ్రాంక్ లా రూ, కాపీహక్కుల ఉల్లంఘన పేర ప్రజలకు ఇంటర్నెట్టును ఆపివేయుట మితిమీరిన శిక్షయనియు, పౌర రాజకీయ హక్కుల ఒడంబడికకు విరుద్ధమనియు స్పష్టముగా వ్రాసెను. ఆ ఒడంబడికను భారతదేశము 1979లోనే అంగీకరించినది.

పరదేశపు మాట అటుండనిండు. మన న్యాయస్థానములే ఈ విషయమున తక్కువ చెప్పలేదు. 2019 సెప్టెంబరులో కేరళ ఉన్నత న్యాయస్థానము, హాస్టలులో సాయంకాలపు వేళ ఫోను వాడరాదను నిబంధనను ఒప్పుకొననందుకు బయటికి పంపబడిన విద్యార్థిని వ్యాజ్యమున, ఇంటర్నెట్టు పొందు హక్కు విద్యాహక్కులోను ఏకాంత హక్కులోను భాగమని తేల్చినది. 2020 జనవరి 10న అనురాధా భాసిన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఇంటర్నెట్టు ద్వారా మాటలాడుటకును, వృత్తివ్యాపారములు సాగించుకొనుటకును రాజ్యాంగ రక్షణ కలదనియు, దానిని ఆపవలసి వచ్చినను సాధ్యమైనంత స్వల్పముగా, పనికి తగినంతగా మాత్రమే ఆపవలెననియు ఆదేశించినది. అంతకన్న ముందే, 2012లో కాపీహక్కుల చట్టమును సవరించినప్పుడు మన పార్లమెంటు వ్రాసికొన్న ఒక నియమమున్నది: హక్కుదారుడు ఫిర్యాదు చేసినచో మధ్యవర్తి సంస్థ ఆ ప్రతిని 21 దినములు నిలిపివేయవలెను, అంతలో న్యాయస్థానపు ఉత్తరువు తేనిచో మరల తెరువవచ్చును. ఒక్క దొంగప్రతిని నిలిపియుంచుటకే న్యాయమూర్తి సంతకము కావలెనన్న శాసనము, ఒక కుటుంబపు మాటను మూయుటకు యంత్రపు లెక్క చాలునని చెప్పగలదా?

గుడ్డిగా మూసిన అనుభవము కూడ మనకు కలదు. 2012లో తమిళ చిత్రము '3'నకును, మన తెలుగు చిత్రము 'దమ్ము'నకును దొంగప్రతులు రాకుండ మద్రాసు ఉన్నత న్యాయస్థానమునుండి పేరు తెలియని ప్రతివాదులపై ఉత్తరువులు తెచ్చినప్పుడు, ఇంటర్నెట్టు కంపెనీలు ఏది దొంగ, ఏది దొర అని విచారింపక, వీమియో, డైలీమోషన్ వంటి సైట్లను గుండుగుత్తగా మూసివేసినవి. ఎవరి పెండ్లి వీడియో వారు పెట్టుకొన్న చోటు కూడ అందులో పోయినది. ఆ జూన్ నెలలో న్యాయస్థానము కలుగజేసికొని, దొంగప్రతి ఉన్న ఆ ఒక్క పుటను మాత్రమే మూయవలెనని చెప్పవలసి వచ్చినది. మరి కనెక్షనే లేకపోయిన పిమ్మట ఊరివారు పడు అవస్థ తెలియగోరిన యెడల, 2022 మే 24న అమలాపురము అల్లరుల పిమ్మట కోనసీమలో అనేక దినములు నెట్టు ఆగినప్పటి కథను అచ్చటివారి నోట వినవలెను. ఇంటినుండి పని చేసికొనుచున్న సాఫ్టువేరు ఉద్యోగులు సిగ్నలు దొరకు తావు వెదకుకొనుచు గోదావరి గట్టులకు లాప్‌టాపులతో పోయిరి. అది శాంతిభద్రతల పేర జరిగినది గనుక దాని మంచిచెడ్డలు వేరుగా విచారింపవచ్చును; అల్లరిలో లేనివాని మీదనే ఆ భారమెక్కువగా పడినదనుట మాత్రము నిజము.

ఇక దొంగ ఎచ్చట నున్నాడను విషయము. మా కొల్లేటికి దక్షిణముగా, గుడివాడ మచిలీపట్నముల నడుమ పెడన అను కలంకారీ ఊరున్నది. 2013 సెప్టెంబరులో 'అత్తారింటికి దారేది' ఇంకను విడుదల కాకమునుపే, సగము చిత్రము సీడీలుగా ఆ ఊర అమ్ముడుపోవుచున్నదని తెలిసి తెలుగుదేశమెల్ల నివ్వెరపోయినది. పోలీసులు కూపీ లాగగా దారి చిత్రనిర్మాణపు లోగిలిలోనికే పోయినదే గాని ఏ ప్రేక్షకుని ఇంటికిని పోలేదు. అక్టోబరులో రావలసిన చిత్రమును సెప్టెంబరు 27ననే విడుదల చేసిరి. దొంగప్రతి చేతిలో ఉండియు జనము హాళ్లకు పోటెత్తి, ఆనాటి తెలుగు చిత్రములలో మిక్కిలి వసూళ్లు సాధించిన వానిలో దానిని చేర్చిరి. ఈ ఒక్క ఉదంతమున తమ శాఖ నేర్చుకొనదగినది ఎంతో కలదని నాకు తోచుచున్నది: ఊట ఉన్నచోటు ఒకటి, పారినచోటు మరియొకటి, జనమునకు నచ్చిన వస్తువును సరియైన వేళకు వారి ముంగిటికి తెచ్చినచో, దొంగప్రతి ఎదుట నున్నను వారు టికెట్టు కొనుక్కొనుటకే ఇష్టపడిరి.

2025 నవంబరులో 'ఐబొమ్మ' అను దొంగప్రతుల సైటును నడుపుచుండెనను అభియోగముపై హైదరాబాదు పోలీసులు ఒకనిని కూకట్‌పల్లిలో పట్టుకొని, ఆ సైటును మూయించిరి. అతడు దోషియగునో కాదో తేల్చవలసినది న్యాయస్థానము. పోలీసులు వెల్లడించిన వివరములలో రెండింటిని తమ దృష్టికి తేవలసియున్నది. మొదటిది, ఆ సైటు దొంగప్రతులను ఉచితముగా పంచిన ధర్మసత్రము కాదనుట. దానికి బెట్టింగు యాప్‌ల ప్రచారముతో లంకె ఉన్నది. సినిమాకని వచ్చిన కుర్రవానిని జూదములోనికి దింపు వ్యాపారమది. దానిపై తమరెంత కఠినముగా వ్యవహరించినను మా బోటివారు హర్షింతురు. రెండవది, ఆ సైటునకు వచ్చిన సుమారు 50 లక్షల మంది వివరములు దొరికినవనుట. తెంపుటయే విధానమైనచో ఈ 50 లక్షల ఇండ్లకును తీగ తెంపవలెను. తెంపలేరు. తెంపలేని శాసనము, ఎదురు చెప్పుకొనలేని బీదవానిని నలుగురిని ఏరి, వారి మీద మాత్రమే పడును. ఆ దినములలో టీ కొట్ల వద్ద ఆ నిందితుని వీరునివలె పొగడుచున్న యువకులను విని నేను చాల బాధపడితిని. కాని పెద్ద చిత్రము విడుదలయిన వారములో ధరలు పెంచుకొనుటకు ప్రభుత్వములే జీవోలిచ్చుచుండగా, నలుగురున్న కూలికుటుంబము ఆ వారములో హాలు గుమ్మము త్రొక్కలేకున్నదను మాట కూడ ఆ పొగడ్తల వెనుక నాకు వినబడినది.

యంత్రమునకు న్యాయము తెలియదనుటకు ఇంకొక నిదర్శనము చెప్పెదను. మన చట్టము ప్రకారము చలనచిత్రముపై హక్కు విడుదలయిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు. నూజివీడు సీమలోని మీర్జాపురము రాజావారి సతీమణి కృష్ణవేణిగారు నిర్మింపగా, సోమవరప్పాడు ప్రసాదుగారు దర్శకత్వము వహింపగా, నందమూరి తారకరామారావు తొలిసారి తెరపై కనబడిన 'మనదేశం' 1949 నాటిది. చిత్రముగా దానిపై హక్కు 2009తో ముగిసినది. 'మిస్సమ్మ' 1955 నాటిది. అది 2015తో ముగిసినది. కాని సాహిత్యముపై హక్కు రచయిత కాలధర్మము చెందిన పిమ్మట మరి 60 ఏండ్లుండును. 'మనదేశం' రచయిత సముద్రాల రాఘవాచార్యులుగారు 1968లో పరమపదించిరి. కనుక బొమ్మ స్వేచ్ఛగానున్నను మాటయు పాటయు ఇంకను బంధములోనే ఉండవచ్చును. న్యాయవాదులే తర్జనభర్జన పడు ఈ లెక్కను, తాడేపల్లిగూడెమున పాత చిత్రమొకటి దించుకొనుచున్న విద్యార్థి విషయమున ఏ కంప్యూటరు క్షణములో తేల్చి హెచ్చరిక పంపగలదు?

మరియు ప్రసాదుగారు నటించిన ఆ మూడు తొలి టాకీలలో ఒక్కదానికిని నేడు ప్రింటు లేదు. 'ఆలం ఆరా' లేదు, 'కాళిదాస్' లేదు, 'భక్త ప్రహ్లాద' లేదు. హక్కుదారులుండిరి, పంపిణీదారులుండిరి; ప్రతి తీసి దాచినవాడు మాత్రము లేకపోయెను. మన భాష తొలిసారి తెరమీద పలికిన పలుకు మన మనుమలకు వినబడదు. ఈ దుఃఖము తెలిసిన మాకు, పాత తెలుగు చిత్రములను వెదకి వెదకి కంప్యూటరులలో దాచుచున్న అనామకులందరును దొంగలుగా కనబడరు. 60 ఏండ్లు దాటిన తెలుగు చిత్రములలో ప్రతులు మిగిలిన వానిని జాతీయ చలనచిత్ర భాండాగారము శుభ్రపరచి, చిక్కులు లేనివానిని ప్రజలకు ఉచితముగా అందుబాటులో నుంచిన యెడల, అట్టివారికి ఆ శ్రమయు ఉండదు, అనుమానమును ఉండదు.

క్రొత్త చిత్రముల సంగతి వేరు. వానికి వెల ఉండవలసినదే. 2023 జూన్‌లో మా రాష్ట్ర ఫైబర్‌నెట్టువారు ఒక చిత్రమును హాళ్లతో పాటు మొదటి రోజుననే ఇంటిలో చూచుకొనుటకు 99 రూపాయలకు ఇచ్చు ప్రయత్నము చేసిరి. హాళ్లవారికి దానిపై అభ్యంతరములుండవచ్చును. వారి కష్టమును తీసివేయరాదు. అయినను పెద్ద హాలు లేని మండలములకు, లంక గ్రామములకు, న్యాయమైన వెలకు న్యాయమైన ప్రతిని త్వరగా చేర్చు మార్గమును హాళ్లవారు, నిర్మాతలు, ఫైబర్‌నెట్టువారు కూర్చుండి ఆలోచించుకొనునట్లు చేయగల అధికారము తమ చేతిలో నున్నది. రెండు శాఖలును నేడు ఒక్కరి చేతిలో నుండుట ఇందుకు కలిసివచ్చిన సదుపాయము.

కావున తమకు నా విన్నపము. 2019 నాటి సూచన ననుసరించి ఏనాడైనను విధానము వ్రాయవలసి వచ్చినచో, ఏ కారణము చేతను ఏ గృహపు ఇంటర్నెట్టు కనెక్షనును శిక్షగా ఆపరాదను వాక్యమును అందులో మొట్టమొదట వ్రాయుడు. హెచ్చరిక పంపిన యెడల అది చందాదారుని మాతృభాషలో నుండవలెను. దానికి ఎదురు చెప్పుకొను దారి జిల్లా కేంద్రముననే ఉండవలెను. జరిమానా మాట వచ్చినచో అది విచారణ జరిపిన న్యాయస్థానము నోటనే రావలెను. ఒక ఐపీ చిరునామాను మాత్రమే సాక్ష్యముగా గొనరాదు. దొంగప్రతి తీయువానిని, దానిని పెట్టి జూదపు ప్రకటనలతో ధనమార్జించువానిని పట్టుకొనుటకు 2023 నాటి సవరణలో తమకు కావలసినంత బలమున్నది. దానిని పూర్తిగా ప్రయోగింపుడు.

ముసాయిదా సిద్ధమైన నాడు దానిని ఇంగ్లీషు హిందీలతోపాటు తెలుగులోను ప్రకటించి, అభిప్రాయములకు కనీసము 60 దినముల గడువు ఇయ్యవలెనని కూడ ప్రార్థించుచున్నాను. అప్పుడు కైకలూరు చెరువు రైతును, తాడేపల్లిగూడెం ఉల్లివర్తకుడును, ఏలూరులో హాలు నడుపుకొనుచున్నవారును తమ మాట తామే తమకు వ్రాసికొనగలరు.

చిత్తగింపుడు.

ఇట్లు,
ఏలూరు పురవాసి యొకడు